మండపం పక్క ఇంటికి ఫ్రాక్టల్ పలకలు పనికొస్తాయా?

నమస్కారం. మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. తిరుపతిలో రేణిగుంట రోడ్డుకు దగ్గర వీధిలో మీ ఇల్లు. ప్రహరీకి అవతల కల్యాణ మండపం. ముహూర్తాలున్న నెలల్లో నాదస్వరం, డీజే, కరెంటు పోతే జనరేటర్. పడకగది మొదటి అంతస్తులో మండపం వైపే ఉంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, అందులో పక్కకు జరిపే కిటికీ. ఇంటీరియర్ పనులు చేసే ఒకాయన అంగుళం మందమున్న చెక్కడపు పలకలు చూపించి, ఇవి ‘ఫ్రాక్టల్ మెటామెటీరియల్’ అని, గోడంతా బిగిస్తే 94 శాతం శబ్దం ఆగిపోతుందని చెప్పాడు. ఇది నిజమేనా, కొనవచ్చా అన్నది మీ ప్రశ్న.

గోడకు కొనవద్దు. అయితే ఆ పేరు వెనక ఉన్న శాస్త్రం నిజమైనదే. పైగా మీ విషయంలో దానికి తగిన చోటు కూడా ఒకటి ఉంది, కాకపోతే అది మీ పడకగదిలో లేదు, ప్రహరీ అవతల జనరేటర్ పెట్టెకు గాలి వచ్చిపోయే కంతల దగ్గర ఉంది. చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ గ్రానైట్ కోత యూనిట్లలోనూ శబ్దం తగ్గించే పని చేస్తూ వచ్చాను కాబట్టి, ఇలాంటి పలకలు ఎక్కడ పనిచేస్తాయో, ఎక్కడ గోడకు అలంకారంగా మిగిలిపోతాయో కొంత వివరంగానే చెప్పగలను.

శబ్దాన్ని ఆపడంలో పాత సూత్రం ఒక్కటే: బరువు. చదరపు మీటరుకు గోడ బరువు రెట్టింపు అయితే అవతలికి వెళ్లే శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఫ్రీక్వెన్సీ, అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య (హెర్ట్జ్‌లలో చెబుతారు), రెట్టింపు అయినా అంతే. దీన్ని తిప్పి చూస్తేనే అసలు కష్టం తెలుస్తుంది. ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ గోడ 6 డెసిబెళ్లు బలహీనపడుతుంది. అందుకే నాదస్వరం గోడ దగ్గర ఆగిపోతుంది, డీజే గుండె అదురు మాత్రం లోపలికి వస్తుంది. రెండు వైపులా సిమెంటు పూసిన నాలుగున్నర అంగుళాల గోడ చదరపు మీటరుకు సుమారు 270 కిలోలు ఉంటుంది. 100 హెర్ట్జ్ దగ్గర అది ఆపేది లెక్క ప్రకారం 40 డెసిబెళ్ల చుట్టూ. గోడ కట్టిన తీరులో లోపాలుంటే ఇంకొంచెం తక్కువ.

బరువు వేయకుండా, దూది లాంటి పదార్థంతో పీల్చేద్దామంటే మరో అడ్డంకి. 100 హెర్ట్జ్ శబ్దం గాలిలో ఒక్కో తరంగం 3.4 మీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని సరిగా పీల్చుకోవాలంటే అందులో పావు వంతు, అంటే 85 సెంటీమీటర్ల మందం కావాలి. పడకగదిలో అంత మందం ఎవరిస్తారు? శబ్దపు మెటామెటీరియళ్ల పుట్టుకకు కారణమే ఈ చిక్కు.

ఒక వస్తువు దేనితో తయారైందన్నదాని కంటే, దాని లోపలి అమరిక ఎలా ఉందన్నదే శబ్దంతో దాని ప్రవర్తనను నిర్ణయించేలా చేయడం వీటి కిటుకు. మాడ్రిడ్‌లో యూసెబియో సెంపెరే చేసిన ఒక శిల్పం ఉంది, వరుసలుగా నిలబెట్టిన ఉక్కు గొట్టాల పొద. కొన్ని ఫ్రీక్వెన్సీలను అది అడ్డుకుంటోందని 1995లో కొలిచి చూపించారు. శిల్పి ఉద్దేశం అది కాదు, గొట్టాల మధ్య ఎడమే ఆ పని చేసింది. అయితే అది ఆపింది 1,670 హెర్ట్జ్ దగ్గరి శబ్దాన్ని. తక్కువ శ్రుతులకు ఆ పద్ధతిలో వెళితే ఇల్లంత నిర్మాణం కావాలి. 2000లో హాంకాంగ్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో పింగ్ షెంగ్ బృందం దీనికి దారి చూపింది. సెంటీమీటరు వ్యాసం ఉన్న సీసపు గోళీలకు రెండున్నర మిల్లీమీటర్ల మందాన సిలికాన్ రబ్బరు తొడిగి, వాటిని ఎపాక్సీలో పేర్చారు. 400 హెర్ట్జ్ దగ్గర ఆ గోళీలు రబ్బరు మీద ఊగుతూ, వచ్చే తరంగానికి ఎదురుగా కదిలాయి. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే అతి చిన్న నిర్మాణం, తన బరువుకు మించిన పని చేసింది. ఆ ఒక్క చోటు దగ్గరే సుమా. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మీకు పలకలు అమ్మజూపినాయన వదిలేసిన మాట ఇదే.

ఇక ఫ్రాక్టల్ సంగతి. ఎదురుగా కదిలే గోళీల బదులు, శబ్దం ఒక సన్నటి దారిలో దూరి, చివరన మూసి ఉన్న గోడను తాకి, తిరిగి నోటి దగ్గరికి వచ్చేలా చేయవచ్చు. దారి పొడవు తరంగంలో పావు వంతు ఉంటే, తిరిగొచ్చిన శబ్దం వస్తున్న శబ్దానికి సరిగ్గా వ్యతిరేకంగా పడి దాన్ని కొట్టేస్తుంది. 100 హెర్ట్జ్‌కు దారి 85 సెంటీమీటర్లు కావాలి. నిటారుగా పెడితే చాంతాడంత గొట్టం. దాన్ని అరచేతి వెడల్పులో మడిచిపెట్టాలి. ఎలా మడిస్తే చోటు ఏమాత్రం వృథా కాదు? జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ 1891లోనే దీనికి జవాబు ఇచ్చి పెట్టాడు, శబ్దం ఆయన మనసులో లేకపోయినా.

చుక్కలు పెట్టి చెయ్యి ఎత్తకుండా తిప్పే మెలికల ముగ్గును గుర్తు తెచ్చుకోండి. హిల్బర్ట్ గీత దానికి దగ్గరి చుట్టం. తేడా ఏమిటంటే, ఇందులో గీత తనను తాను ఎక్కడా దాటదు, ప్రతి చుక్కనూ ఒక్కసారే తాకుతుంది. మొదటి మెట్టులో నాలుగు చుక్కలు. రెండో మెట్టులో అదే ఆకారాన్ని చిన్నది చేసి నాలుగు మూలలా పెట్టి కలుపుతారు, 16 చుక్కలు. మూడో మెట్టుకు 64, నాలుగుకు 256. ప్రతి మెట్టులోనూ ముందటి మెట్టు ముగ్గే చిన్నదై కనిపిస్తుంది కాబట్టి దీన్ని ఫ్రాక్టల్ అంటారు. ఆ పేరు మాత్రం చాలా తర్వాత, 1975లో గణితవేత్త మాండెల్‌బ్రాట్ పెట్టాడు.

ఇప్పుడు లెక్క చూడండి, ఇందులోనే అందం ఉంది. 11 సెంటీమీటర్ల చదరం తీసుకుందాం. రెండో మెట్టు ముగ్గులో దారి పొడవు 41 సెంటీమీటర్లు, మూడో మెట్టులో 87, నాలుగో మెట్టులో 175. చదరం మారలేదు, దారి మాత్రం ఒక్కో మెట్టుకూ ఇంచుమించు రెట్టింపు అవుతోంది. దారి రెట్టింపు అయితే ఆగే ఫ్రీక్వెన్సీ సగమవుతుంది. మూడు మెట్లకూ వచ్చే ఫ్రీక్వెన్సీలు వరసగా 208, 99, 49 హెర్ట్జ్. సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే, మెట్టు ఎక్కినప్పుడల్లా శ్రుతి ఒక స్థాయి కిందికి దిగుతోంది. ఇటువంటి గొట్టం తన మూల ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర కూడా పనిచేస్తుంది. అంటే నాలుగో మెట్టు గడి (దారిని ఇలా మడిచిన ఒక్కో చదరాన్ని గడి అందాం) 49తో పాటు 147 దగ్గర కూడా ఎంతో కొంత పట్టుకుంటుంది. 50, 100, 150, 200 అన్న వరస ఎక్కడైనా విన్నట్టుందా? నాలుగు సిలిండర్ల డీజిల్ జనరేటర్ హోరు సరిగ్గా అదే. నిమిషానికి 1,500 సార్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉంటే సెకనుకు 50 పేలుళ్లు, వాటి మీద వాటి గుణిజాలు. నేను ఫ్రాక్టల్ అమరికను మొదటిసారి సీరియస్‌గా తీసుకున్నది దాని బొమ్మ బాగుందని కాదు, ఈ రెండు వరసలూ కలిశాయని.

చైనాలోని సౌత్‌ఈస్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఇలాంటి ఫ్రాక్టల్ అమరికలతో తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని తగ్గించే పద్ధతిని ప్రచురించారు. ఆ తర్వాత ఈ దారిలో చాలా పని జరిగింది. కాగితం మీద మెట్లు ఎక్కుతూనే పోవచ్చు, గాలి మాత్రం ఒప్పుకోదు. 11 సెంటీమీటర్ల చదరంలో నాలుగో మెట్టుకు దారి వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఐదో మెట్టుకు రెండు మిల్లీమీటర్లు. 50 హెర్ట్జ్ దగ్గర గోడను అంటుకున్న గాలి పొర, అంటే కదలడానికి మొరాయించే పొర, 0.3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, దారికి రెండు వైపులా. దారి సన్నబడేకొద్దీ రాపిడే మొత్తం శక్తిని మింగేసి, అనునాదం, అంటే తన ఫ్రీక్వెన్సీ దగ్గర గాలి బలంగా ఊగే గుణం, చచ్చుబడుతుంది. అందుకే చేతిపనిలో మూడు లేదా నాలుగో మెట్టు దగ్గర ఆగిపోవాలి. ఎవరైనా ‘ఏడో మెట్టు ఫ్రాక్టల్’ అమ్ముతుంటే అది బొమ్మే అనుకోండి.

మీకు చూపించిన పలకల దగ్గరికి వద్దాం. మీరు పంపిన ఫోటోలో ముగ్గు పలక ముఖం మీద చెక్కి ఉంది, పైన మూత లేదు. మూత లేని కాలువలో శబ్దం ప్రయాణించాల్సిన అవసరమే లేదు, నేరుగా అడుగు తాకి తిరిగి వచ్చేస్తుంది. అంగుళం లోతు చెక్కడం 3,000 హెర్ట్జ్ పైన గదిలోని మోతను అటూ ఇటూ చెదరగొడుతుంది. పాట వినే గదికి అది మంచిదే. గోడ దాటి వచ్చేదాన్ని మాత్రం తన బరువుతోనే ఆపాలి. అంగుళం ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన) పలక చదరపు మీటరుకు 18 కిలోలు. 270 కిలోల గోడకు 18 కిలోలు చేరిస్తే వచ్చే లాభం అర డెసిబెల్. మనిషి చెవికి తేడా తెలియాలంటే మూడైనా ఉండాలి. నిజమైన మెటామెటీరియల్ పలకకు పైన మూత ఉంటుంది, మూతలో చిన్న నోరు ఉంటుంది, లోపల చివర మూసిన దారి ఉంటుంది. అనుమానం ఉంటే ఒక పలకను అడ్డంగా కోసి చూపించమనండి. కోయనంటే మీకు జవాబు దొరికినట్టే.

పోనీ అసలైనవే తెచ్చి గోడకు బిగించారనుకుందాం. అప్పుడూ ప్రయోజనం లేదు, ఎందుకంటే శబ్దంలో ఎక్కువ భాగం గోడలోంచి రావడం లేదు. మీ గోడ 12 చదరపు మీటర్లు, అందులో కిటికీ ఒకటిన్నర చదరపు మీటరు అనుకోండి. 5 మిల్లీమీటర్ల అద్దం 100 హెర్ట్జ్ దగ్గర ఆపేది 15 డెసిబెళ్లు. 40 ఆపే గోడా 15 ఆపే కిటికీ కలిస్తే మొత్తం 24 వస్తుంది. ఇప్పుడు గోడను అసలేమీ దాటనివ్వని గోడగా మార్చండి, డబ్బు ఎంతైనా పోయండి. మొత్తం ఎంత అవుతుందో తెలుసా? 24. తేడా డెసిబెల్‌లో పదో వంతు. అదే కిటికీని సగం తెరిచి పడుకుంటే 12కు పడిపోతుంది. తిరుపతి వేసవిలో కిటికీ మూసుకుని పడుకోమని ఎవరికీ ఊరికే చెప్పలేం కాబట్టి, ఈ 12 అన్న అంకే చాలా ఇళ్లలో అసలు సంగతి.

94 శాతం అన్నది ఎక్కడిదో నేను ఊహించగలను. 2019లో బోస్టన్ విశ్వవిద్యాలయం వారు మధ్యలో తెరిచి ఉండే ఒక వలయాన్ని తయారు చేశారు. గాలి దర్జాగా దాటిపోతుంది, ఎంచుకున్న ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దశక్తిలో 94 శాతం ఆగిపోతుంది. గొప్ప ఫలితమే, అందులో సందేహం లేదు. అది ఫ్రాక్టల్ కాదు, సుడి తిరిగిన దారులున్న వలయం. 94 శాతం ఆగిందంటే 12 డెసిబెళ్లు. వినడానికి మోత సగానికి కాస్త తక్కువకు దిగినట్టు ఉంటుంది. శాతాల్లో చెబితే నూటికి నూరు దగ్గర పడినట్టుంటుంది, డెసిబెళ్లలో చెబితే సగం తెరిచిన కిటికీ పాటి. శబ్దం గురించి శాతాల్లో మాట్లాడే అమ్మకందారును నేను మొదటి నుంచీ నమ్మను.

ఇలాంటి అమ్మకందారులు ఎన్‌ఆర్‌సీ అన్న అంకె కూడా చూపిస్తారు. అది పీల్చుకునే గుణానికి కొలత, ఆపే గుణానికి కాదు. గదిలో ప్రతిధ్వని తగ్గడం వేరు, పక్కింటి శబ్దం రాకపోవడం వేరు. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించేవారు ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. పైగా ఎన్‌ఆర్‌సీ 250 నుంచి 2,000 హెర్ట్జ్ వరకు నాలుగు చోట్ల తీసిన సగటు. ఎస్‌టీసీ అన్న మరో అంకె ఆపే గుణాన్నే కొలుస్తుంది గానీ 125 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మీ నిద్ర చెడగొడుతున్నది ఆ రెండు కొలతలకూ కిందనే ఉంది. అడగాల్సింది ఫ్రీక్వెన్సీ వారీగా ఉన్న పట్టిక, అదీ పూర్తి సైజు గోడ మీద పరీక్షించినది. అరచేతి ముక్కను గొట్టంలో పెట్టి, అంచులు మూసి, శబ్దాన్ని తిన్నగా పంపి కొలిచిన అంకెలు పరిశోధనకు సరిపోతాయి. మీ గదికి శబ్దం నలుమూలల నుంచీ వస్తుంది.

మీ బాధలో మూడు వేర్వేరు శబ్దాలున్నాయి. మూడింటికీ ఒకే మందు లేదు.

నాదస్వరం, డోలు, మైకులో పేర్లు చదవడం వంటివి ఎక్కువగా 300 హెర్ట్జ్ పైన ఉంటాయి. వీటికి కిటికీ బాగుచేస్తే చాలు. జరిపే కిటికీ పట్టాల మధ్య కుచ్చు అంచు ధూళిని ఆపుతుంది, శబ్దాన్ని ఆపదు. ఉన్న కిటికీని అలాగే ఉంచి, లోపలి వైపు 10 సెంటీమీటర్ల ఎడంతో రెండో కిటికీ పెట్టించండి. తలుపులా తెరుచుకునేది, చుట్టూ రబ్బరు అంచు ఉన్నది, 8 మిల్లీమీటర్ల ల్యామినేటెడ్ అద్దంతో. మీ గోడ మందం ఈ ఎడానికి చాలదు కాబట్టి లోపలి చట్రాన్ని గది వైపు పెట్టెలా ముందుకు తేవాలి. రెండు అద్దాల మధ్య పక్క అంచులకు దూది పలక వేసి గుడ్డ కప్పమనండి. ‘దీని బదులు రెండు అద్దాలు అతికించిన రెడీమేడ్ కిటికీ వేద్దాం’ అంటారు, ఒప్పుకోకండి. రెండు 5 మిల్లీమీటర్ల అద్దాల మధ్య 12 మిల్లీమీటర్ల ఎడమే ఉంటే ఆ రెండూ మధ్యలోని గాలి మీద 220 హెర్ట్జ్ దగ్గర కలిసి ఊగుతాయి. అక్కడ ఒంటి అద్దం కన్నా అధ్వానంగా పనిచేయవచ్చు. నేను చెప్పిన అమరికలో ఆ ఊగే చోటు 68 దగ్గరికి దిగుతుంది. ఏసీ పైపు కోసం కొట్టిన రంధ్రం చుట్టూ మూయించడం, తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేయించడం ఇదే పనిలో భాగం. గది మూసేస్తే ఏసీ తప్పదు, ఆ కరెంటు బిల్లును కూడా ఈ ఖర్చులో లెక్కేసుకోండి.

డీజే విషయంలో మీకు తీపి మాటలు చెప్పలేను. 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పాటను బట్టి మారిపోయే అదురు అది. ఒక శ్రుతి మీద నిలబడని శబ్దానికి ఒక శ్రుతికి మలిచిన పరికరం ఎందుకూ కొరగాదు. పైగా కప్పు, నేల, గోడ అన్నిటినీ ఊపుతూ వస్తుంది. దాన్ని మూలం దగ్గరే తగ్గించాలి. పెద్ద బేస్ పెట్టెలను మీ వైపు గోడకు ఆనించకుండా అవతలి మూలకు మార్చడం కూడా పనికొస్తుంది, అడగండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతానికి రాత్రి పరిమితి 45 డెసిబెళ్లు (ఎ). ఆ బ్రాకెట్లోని ‘ఎ’ను మాత్రం గమనించండి. అది చెవికి తగ్గట్టు సవరించిన కొలత, 50 హెర్ట్జ్ దగ్గర ఉన్నదాంట్లోంచి 30 డెసిబెళ్లు, 100 దగ్గర 19 డెసిబెళ్లు తీసేసి చూపిస్తుంది. మీ కిటికీ అద్దాలు గలగలమంటున్నా మీటరు బుద్ధిగా కనిపించడానికి కారణం ఇదే. ఫిర్యాదు చేసేటప్పుడు, తక్కువ ఫ్రీక్వెన్సీలను అంతగా తీసేయని ‘సి’ కొలత కూడా రాయించండి.

మిగిలింది జనరేటర్. నిలకడగా ఒకే శ్రుతి, ఒకే చోటి నుంచి, తెలిసిన కంతల గుండా వచ్చే శబ్దం. ఫ్రాక్టల్ గడులకు ఇంతకన్నా మంచి పని దొరకదు. 2005 జనవరి 1 తర్వాత తయారైన, వెయ్యి కేవీఏ లోపు డీజిల్ సెట్లు పెట్టె నుంచి ఒక మీటరు దూరంలో 75 డెసిబెళ్లు (ఎ) మించకూడదు. కొత్త సెట్లు పెట్టెతోనే వస్తాయి. అయినా పెట్టెకు గాలి లోపలికి పోయే కంత, రేడియేటర్ వేడిగాలి బయటికొచ్చే కంత తప్పవు, పెట్టె లోపలి హోరు ఆ రెండిటిలోంచే బయటపడుతుంది. వాటిని మూసేస్తే ఇంజను వేడెక్కి పెళ్లి మధ్యలో ఆగిపోతుంది. గాలిని వదిలి శబ్దాన్ని పట్టాలి.

చేసే పద్ధతి ఇది. పూజగది తలుపులకు జాలీ డిజైన్లు కోసే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం) దుకాణాలు మీ ఊళ్లో ఉన్నాయి కదా, వాళ్లకు హిల్బర్ట్ గీత బొమ్మ ఇస్తే చాలు. 18 మిల్లీమీటర్ల హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమను తట్టుకునే దట్టమైన చెక్కపీచు) పలకలో మూడో మెట్టు ముగ్గును కాలువగా కోయించండి. కాలువ వెడల్పు 10 మిల్లీమీటర్లు, కాలువల మధ్య గోడ సుమారు నాలుగు. ప్లైవుడ్ అయితే అంత సన్నటి గోడల దగ్గర పొరలు లేస్తాయి. రెండు వైపులా 6 మిల్లీమీటర్ల పలకలు జిగురుతో మూసి, ఒక పలకలో కాలువ మొదటి చుక్క దగ్గర నోరు తెరవాలి. జిగురు ఎక్కడా విడిపోకూడదు. పక్క కాలువలోకి సూదంత సందున్నా శబ్దం ముగ్గు తిరగడం మానేసి అడ్డదారి పడుతుంది.

గడి పక్క కొలతకు గుర్తుపెట్టుకునే లెక్క ఒకటి చెబుతాను. మూడో మెట్టుకు 1,090ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే పక్క సెంటీమీటర్లలో వస్తుంది. అది 20 డిగ్రీల గాలికి. రేడియేటర్ వెనక గాలి 50 డిగ్రీలు ఉంటే ధ్వని వేగం సెకనుకు 343 నుంచి 360 మీటర్లకు పెరుగుతుంది, అక్కడ 1,140 తీసుకోండి. అంటే ఒకే జనరేటర్‌కు లోపలికి గాలి వచ్చే వైపు 11 సెంటీమీటర్ల గడి, బయటికి పోయే వైపు 11.4. మన గాదంకిలోని వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ధ్వనిని పైకి పంపి, రాడార్‌తో దాని వేగం పట్టి, పైగాలి ఉష్ణోగ్రత లెక్కగట్టే ప్రయోగాలు చేసింది వేడికీ ధ్వని వేగానికీ ఉన్న ఈ సంబంధం ఆధారంగానే. వాళ్లకు ఉపయోగపడిన ఈ గుణమే మనకు తలనొప్పి. దానికి తోడు ఇంజను కూడా లోడు లేనప్పుడు 52 దాకా పోయి, లోడు పడగానే 50కి దిగుతుంది. అందుకే గడులన్నీ ఒకే కొలతలో కోయించకండి. కొన్ని అర సెంటీమీటరు చిన్నవి, కొన్ని పెద్దవి కలపండి.

ఇంకో సవరణ కూడా అవసరం. మలుపుల దగ్గర శబ్దం లోపలి అంచు పట్టుకుని పోతుంది కాబట్టి అసలు దారి కాగితం మీది పొడవు కన్నా తక్కువే. అందుకని కాలువను కాస్త పొడవుగా కోయించి, మూసిన చివరలో జరిపే చెక్క బిరడా పెట్టించండి. తోతాపురి సీజన్‌లో ఒక గుజ్జు ఫ్యాక్టరీలో చేసినప్పుడు, ఫోనులో స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత శబ్దముందో చూపించే యాప్ తెరిచి కంత ముందు పెట్టి, బిరడాను వేలెడంత లోపలికి తోస్తూ చూశాం. తెర మీద 50, 100, 150, 200 దగ్గర నాలుగు స్తంభాలు. బిరడా సరైన చోటికి రాగానే 100 దగ్గరి స్తంభం కుంగిపోయింది. దాని పక్క 150 మాత్రం పూచికపుల్లంత కూడా కదలలేదు. మెటామెటీరియల్ అంటే ఏమిటో, ఏది కాదో చూపించడానికి ఆ తెర చాలు. కార్మికులు ‘హోరు తగ్గింది గానీ గరగర అలాగే ఉంది’ అన్నారు, అదే సరైన వర్ణన. ఆ గరగరకు కంతలో మామూలు రాతి ఉన్ని పలకలే మందు.

చాలామంది తప్పే చోటు గడుల సంఖ్య. ఒక్కో నోరు రెండు చదరపు సెంటీమీటర్లు కూడా ఉండదు. నోళ్ల మొత్తం వైశాల్యం గాలిదారి వైశాల్యంలో పదో వంతైనా లేకపోతే చెవికి తెలిసేంత తేడా రాదు. కాబట్టి కంత బయట ఒక పెట్టె కట్టి, దాన్ని నిలువు అరలుగా విడదీసి, అరల గోడలుగా ఈ పలకలనే వాడాలి. అరల మందం పోగా మిగిలే గాలిదారి మొదటి కంత కన్నా తక్కువ కాకుండా పెట్టెను వెడల్పు చేయాలి. 100 హెర్ట్జ్‌కు ఎక్కువ గడులు కేటాయించండి. 50 కన్నా చెవికి తెలిసేది అదే, పైగా మూడో మెట్టు గడులు రాపిడి తక్కువై బాగా పనిచేస్తాయి. పొగ గొట్టం జోలికి మాత్రం ఈ చెక్క పలకలతో వెళ్లకండి. అక్కడి వేడికి ఇవి తగవు, అది సైలెన్సర్ చేసేవారి పని. నిజానికి 50 హెర్ట్జ్ మోత ఎక్కువగా ఆ గొట్టంలోంచే వస్తుంది, కాబట్టి ముందు సైలెన్సర్ పాడైందేమో చూడమనండి.

నోళ్ల మీద పలచటి గుడ్డ గానీ సన్నటి జాలీ గానీ తప్పనిసరి. వానలు పడ్డాక కందిరీగలకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. మట్టిగూడు కట్టిన గడి ఇక గడి కాదు.

ఇదంతా మండపం వాళ్ల స్థలంలో, వాళ్ల జనరేటర్‌కు చేయాలి కాబట్టి వాళ్లు ఒప్పుకోవాలి. మేనేజరుతో మెటామెటీరియల్, ఫ్రాక్టల్ అన్న మాటలు ఎత్తకండి. గాలి కంత ముందు ఒక చెక్క డబ్బా పెడతామని, ఇంజను వేడెక్కదని, ఖర్చులో సగం మీరు పెట్టుకుంటారని చెప్పండి. గోడ పలకలకు మీరు ఇవ్వబోయిన డబ్బులో చిన్న భాగం దీనికి సరిపోవాలి. ఒప్పుకోకపోతే లోపలి కిటికీ మీద ఖర్చు పెట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏది కోయించే ముందైనా జనరేటర్ నడుస్తున్నప్పుడు మీ కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి ఫోనులో స్పెక్ట్రమ్ తీసి పంపండి. ఇంజను పేరు పలక మీద సిలిండర్లు ఎన్నో కూడా చూడండి. మూడు సిలిండర్లయితే మూల ఫ్రీక్వెన్సీ 37.5, ఆరయితే 75, గడి కొలత దాన్ని బట్టి మారుతుంది. ఆ రెండూ చూశాక కోత కొలతలు వేసి ఇస్తాను.